రెండు గుళ్ళ గంటలు

ఆ కుంపటి ఇటు జరుపు నాయనా. నువ్వూ ఇటు జరుగు. ఆ ఫోను కాసేపు పక్కన పడెయ్. సాయంత్రం అరుగు మీద నీ స్నేహితుడితో అన్నావే, ఆర్సీఎం వాళ్ళు బొమ్మలకు మొక్కుతారు, బైబిలు తెరవరు అని, ఆ మాట నా చెవిన పడింది. నా చిన్నప్పుడు మా లూథరన్ పేటలో ప్రతి కుర్రాడూ అదే మాట అనేవాడు. అవతలి పేట కుర్రాళ్ళు ఊరుకుంటారా? మీ మతానికి తల్లే లేదు పొమ్మనేవాళ్ళు. చింతచెట్టు కింద రాళ్ళు రువ్వుకున్న రోజులూ ఉన్నాయి. వాళ్ళు ఎందుకంటున్నారో వాళ్ళకు తెలీదు, వీళ్ళు ఎందుకు కొడుతున్నారో వీళ్ళకు తెలీదు. నువ్వు డిగ్రీ చదువుతున్నవాడివి. నీకైనా తెలియాలి కదా. అందుకని మొదట్నించీ చెప్తాను. పొద్దుపోతుంది, ముందే చెప్తున్నా.

మా ఊరు సత్తెనపల్లి తాలూకాలో ఉండేది. పల్లెకు తూర్పున ఆర్సీఎం గుడి, అంటే రోమన్ కాథలిక్కు మిషను వాళ్ళది, పడమట మన లూథరన్ గుడి, మధ్యలో బావి. ఆర్సీఎం గంట రోజుకు మూడుసార్లు మోగేది. తెల్లారి ఆరింటికి, మిట్టమధ్యాహ్నం, పొద్దుగూకే వేళ. త్రికాల జపం అంటారు దాన్ని. దేవదూత వచ్చి మరియమ్మకు కబురు చెప్పిన ఘట్టాన్ని తలుచుకునే జపం. గంట వినపడగానే మిరపచేలో ఉన్న ఆర్సీఎం ఆడవాళ్ళు గంప కింద పెట్టి, నిలబడి, సిలువ గుర్తు వేసుకునేవాళ్ళు. మన పేటవాళ్ళు ఆ జపం చెయ్యరు గానీ సద్దిమూట విప్పేది మాత్రం ఆ గంటకే. చేతి గడియారం ఉన్నవాడు ఊళ్ళో ఇద్దరో ముగ్గురో. మన గుడి గంట ఆదివారమే మోగేది. మొదటి గంటకు స్నానం, రెండో గంటకు ఉతికిన బట్ట, మూడో గంటకు చాప మీద ఉండాలి. మూడో గంట తరవాత వచ్చినవాణ్ణి అయ్యగారు ప్రసంగం ఆపి మరీ చూసేవారు.

మా నాన్న మిషను బడిలో పంతులు. నెలకు పదిహేను రూపాయల జీతం, అదీ ఒక్కో నెల ఆలస్యమయ్యేది. సంచీ భుజాన వేసుకుని పుస్తకాలమ్మే మనిషి ఊరికొస్తే ఒక్క సువార్త విడిగా అర్ధణాకి ఇచ్చేవాడు. మొత్తం బైబిలు కొనాలంటే రూపాయలు కావాలి. అందుకని పేట మొత్తానికి ఏడెనిమిది బైబిళ్ళుండేవి. ఎవరింట్లో బైబిలుందో ఆ ఇంటి ముందు సాయంత్రం లాంతరు పెట్టేవాళ్ళు. చదువొచ్చిన కుర్రాడు చదివితే ముసలివాళ్ళు వినేవాళ్ళు. గుడి ఖర్చుకు డబ్బెక్కడిది? వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఆడవాళ్ళు ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేసేవాళ్ళు. ఆదివారానికి అదే కానుక. కోతపండుగ నాడు గుమ్మడికాయలూ కోళ్ళూ గుళ్ళోనే వేలం. అణాల నుంచి మొదలైన కోడిపుంజు పాట పంతం మీద రెండు రూపాయలకు పోయిన సంగతి నాకు గుర్తు. కోడి సంగతి వదిలెయ్, పాట దగ్గరే ఉండిపోతే తెల్లారిపోతుంది.

ఆర్సీఎం ఇళ్ళల్లో చూస్తే బైబిలు ఉండేది కాదు, నిజమే. ఆ రోజుల్లో కాథలిక్కుల సొంత తెలుగు బైబిలు మొత్తంగా అచ్చులో లేదు. జపాల పుస్తకం, ప్రశ్నోత్తరాల పుస్తకం ఉండేవి. గోడకు మరియమాత పటం, దాని కింద చిన్న దీపం, మేకుకు జపమాల. పూజ లాటిన్‌లో జరిగేది. గురువుగారు పీఠం వైపు తిరిగి, జనానికి వీపు పెట్టి చెప్పేవారు. అర్థం తెలియకపోయినా ఎక్కడ మోకరించాలో, ఎక్కడ లేవాలో అందరికీ తెలుసు. మన గుళ్ళో ఏమో ప్రతి మాటా అర్థమవుతుంది, సగం మంది నిద్రపోతారు. నవ్వకు, పోయిన ఆదివారం నువ్వూ తూగావు.

వాళ్ళు ముందొచ్చారా, మనం ముందొచ్చామా అని అడుగుతావేమో. వాళ్ళే. 1701లో జెస్యూట్ గురువులు పుంగనూరులో దిగారు. ఆ తరవాత అనంతపురం వైపు మద్దిగుబ్బలో రెడ్డి కుటుంబాలు కొన్ని వాళ్ళలో చేరాయి. ఆ కుటుంబాలే మెల్లగా వలస వచ్చి మన గుంటూరు సీమలో స్థిరపడ్డాయి. ఫిరంగిపురం లాంటి ఊళ్ళ చరిత్ర అదే. మన లూథరన్ మిషను సంగతి చూస్తే, 1842 జులై 31న హయ్యరు దొర గుంటూరులో కాలుపెట్టాడు. అప్పటికే యాభైకి దగ్గర పడ్డ మనిషి. కలెక్టరు స్టోక్స్ దొర ఆయనకు అండగా నిలిచాడు. 1849లో ఆయన పల్నాడు కూడా వెళ్ళాడు. ఇంకో చిత్రం విను. ఆ లూథరన్ పెద్దాయన్ని అందరూ ఫాదర్ హయ్యర్ అనే పిలిచేవాళ్ళు. ఇవాళ మనవాళ్ళెవరైనా పాస్టరుగారిని ఫాదర్ అంటే ముఖం చిట్లిస్తారు.

తరవాత తరవాత రెండు మిషన్లూ ఒకే పల్లెలో పని మొదలెట్టేసరికి పోటీ వచ్చింది. పంతులుతో మాటామాటా వస్తే చాలు, సగం పేట లేచి అవతలి గుడికి పోయేది. మళ్ళీ అక్కడ ఉపదేశితో తగాదా పడితే తిరిగి వచ్చేది. ఏ ఎండకా గొడుగు. ఇక కులం మాట చెప్పకుండా దాటలేను. రెండు వైపులా చాలా గుళ్ళల్లో ముందు వరస ఎవరిది, వెనక వరస ఎవరిది, శ్మశానంలో ఎవరి చోటు ఎక్కడ అన్నది బాప్తిస్మం నిర్ణయించలేదు, పుట్టుక నిర్ణయించింది. సిద్ధాంతం మీద ఇన్ని వాదాలు చేసినవాళ్ళు ఆ ఒక్కదాని మీద మాత్రం చాలాకాలం నోరు విప్పలేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

మా అమ్మ ఆర్సీఎం పిల్ల. మా నాన్న లూథరన్. ఆ పెళ్ళి ఎలా జరిగిందో చెప్తే అదే ఒక కథవుతుంది. ముక్తసరిగా చెప్తా. 1908 నుంచి రోము నియమం ఏమిటంటే, కాథలిక్కు పెళ్ళి కాథలిక్కు గురువు ముందు జరిగితేనే చెల్లుతుంది. వేరే సంఘం మనిషిని చేసుకోవాలంటే అనుమతి తెచ్చుకోవాలి, పుట్టే పిల్లలను కాథలిక్కులుగా పెంచుతామని ఇద్దరూ రాసివ్వాలి. మా తాత ససేమిరా అన్నాడు. పెళ్ళి లూథరన్ గుళ్ళో అయిపోయింది. అప్పట్నించీ అమ్మకు ఆర్సీఎం గుళ్ళో సత్ప్రసాదం లేదు. క్రిస్మసు అర్ధరాత్రి పూజకు మాత్రం వెళ్ళేది. గుడి వెనక, తలుపు పక్కన, కొంగు తలమీద కప్పుకుని మోకాళ్ళ మీద ఉండేది. వరస కదిలి అందరూ పీఠం దగ్గరికి పోతుంటే తను కదిలేది కాదు. నేను ఆమె పక్కన నిలబడి చూసేవాణ్ణి. ఆమె జపమాల చెక్కపూసలది, వేళ్ళు తగిలి తగిలి నునుపుదేరింది. ఒకచోట పూస రాలిపోతే నల్లదారంతో ముడి వేసుకుంది. ఆ ముడి దగ్గర కూడా ఒక మంగళవార్త జపం చెప్పేది, లెక్క తప్పనిచ్చేది కాదు. అది ఆమె బియ్యం డబ్బాలో ఉంటుందని నాన్నకు తెలుసు. ఒక్కనాడూ అడగలేదు.

అమ్మకు అన్న, నాకు మేనమామ, ఆర్సీఎం గుళ్ళో ఉపదేశి. ఆదివారం సాయంత్రమైతే మా అరుగు మీదికొచ్చేవాడు. నాన్నకూ ఆయనకూ వాదం. తాడి తన్నేవాడొకడైతే వాడి తల తన్నేవాడొకడు. అమ్మ మధ్యలో పొగాకు కాడలూ నిప్పూ అందించి లోపలికి పోయేది. నాకు తెలిసిన వేదశాస్త్రమంతా ఆ అరుగు మీద విన్నదే. తరవాత పుస్తకాలు చదివి సరిచూసుకున్నాను.

నాన్న ఎప్పుడూ మార్టిన్ లూథరుతో మొదలెట్టేవాడు. మామ ఎప్పుడూ ఒకటే అడిగేవాడు: మీ లూథరు సన్యాసంలో చేరింది ఎవరికి మొక్కి, బావా? నాన్న నీళ్ళు నమిలేవాడు. ఎందుకంటే జరిగింది ఇదీ. 1505 జులై 2న ఆ కుర్రాడు ఇంటినుంచి చదువుకునే ఊరికి నడిచి పోతున్నాడు. స్టోటర్న్‌హైమ్ దగ్గర పిడుగు పడింది. ప్రాణభయంతో ఆయన కేకేసింది పునీత అన్నమ్మను, అంటే మరియమ్మ తల్లిని. గనుల్లో పనిచేసేవాళ్ళు ఆపదలో తలుచుకునే పునీతురాలు ఆమె. లూథరు తండ్రిది గనుల పని. కాపాడితే సన్యాసం పుచ్చుకుంటానని మొక్కాడు. ఓడ దిగాక బోడి మల్లయ్య అనలేదు, రెండు వారాల్లోనే మఠంలో చేరిపోయాడు. మన సంఘం పుట్టుకకు మూలం ఒక పునీతురాలికి మొక్కిన మొక్కన్నమాట.

మరి అంతటివాడు ఎందుకు తిరగబడ్డాడు? ఆయనుండే విట్టెన్‌బర్గ్ ఊరి ప్రభువు ఫ్రెడెరిక్కు పునీతుల అవశేషాలు పోగుచేసే పిచ్చి ఉండేది. 1520 నాటికి 19 వేలకు పైగా పోగయ్యాయి. ఎముకలు, గుడ్డపీలికలు, యేసు ప్రభువు పుట్టిన పశువుల తొట్టిలోదన్న గడ్డిపరక, మరియమ్మ పాలచుక్కలని చెప్పే సీసా. అన్నిటినీ భక్తితో దర్శించి కానుకలిచ్చినవాడికి ఉత్తరింపు స్థలంలో, అంటే చనిపోయాక పరలోకం చేరేముందు శుద్ధి అయ్యే చోట, 19 లక్షల ఏళ్ళకు పైగా శిక్ష తగ్గుతుందని లెక్క కట్టి చెప్పేవాళ్ళు. ఏళ్ళకి తోడు రోజులు కూడా లెక్కపెట్టారు చూడు, మనిషి గుమాస్తా బుద్ధి పరలోకాన్ని కూడా వదల్లేదు! దర్శనం నవంబరు 1న, సకల పునీతుల పండుగ నాడు. లూథరు 95 వాదాలు బయటపెట్టింది దానికి ముందురోజు, 1517 అక్టోబరు 31. అప్పటికి ఆయన కోపం పాపపరిహార పత్రాల అమ్మకం మీదే. రోములో పేతురు దేవాలయం కట్టడానికి ఊరూరా తిరిగి అమ్మేవాళ్ళు వాటిని.

ఇక్కడ మామ పక్షాన ఒక మాట చెప్పాలి. ఆ అమ్మకం తప్పేనని రోము కూడా తరవాత ఒప్పుకుంది. కాథలిక్కు పీఠాధిపతుల ట్రెంట్ మహాసభ 1563 డిసెంబరులో ముగిసేటప్పుడు పునీతుల గౌరవాన్ని నిలబెట్టింది గానీ, దాని చుట్టూ పెరిగిన మూఢత్వాన్నీ దుడ్డు యావనీ కడిగెయ్యమని శాసించింది. తిలాపాపం తలా పిడికెడు అని పంచుకోవాల్సిన చోట నిజంగానే కొంత పంచుకున్నారు.

పుస్తకం సంగతికి రానీ. మన బైబిల్లో 66 పుస్తకాలు, వాళ్ళ బైబిల్లో 73. తోబీతు, యూదితు, సొలోమోను జ్ఞానం, సీరా కుమారుడి జ్ఞానం, బారూకు, మక్కబీయులవి రెండు. ఆ ఏడూ ఎక్కడివి? క్రీస్తుకు ముందే యూదులు వేదాన్ని గ్రీకులోకి తెచ్చుకున్నారు. ఆ గ్రీకు గ్రంథంలో అవి ఉన్నాయి. హీబ్రూ పట్టికలో లేవు. తొలి క్రైస్తవులు ఎక్కువగా చదివింది గ్రీకుది. వెయ్యేళ్ళకు పైగా ఎవరూ పెద్దగా తగాదా పడలేదు. 1519లో లైప్జిగ్‌లో లూథరుకూ ఎక్ అనే పండితుడికీ వాదం జరిగింది. చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించాలా అన్న మాట వచ్చింది. ఎక్ వెంటనే మక్కబీయుల రెండో గ్రంథం 12వ అధ్యాయం చూపించాడు. అక్కడ యూదా మక్కబీయుడు యుద్ధంలో పడ్డవాళ్ళ పాపం కోసం బలి అర్పింపజేస్తాడు. లూథరు ఆ పుస్తకమే ప్రమాణం కాదన్నాడు. అంతే, చచ్చినవాళ్ళ మీద మొదలైన తగువు పుస్తకాల పట్టిక మీదికి పాకింది. అదే వాదంలో ఎక్ ఆయన్ని ఇంకా మూలకు తోశాడు. సభలు కూడా తప్పు చెయ్యగలవని ఆయన నోట అనిపించాడు. అనిపించాక ఇక వెనక్కి పోవడానికి దారి లేదు. 1521లో వర్మ్స్ సభలో చక్రవర్తి ముందు లూథరు నిలబడి, లేఖనంతోనో స్పష్టమైన యుక్తితోనో ఒప్పిస్తే తప్ప మాట వెనక్కి తీసుకోనన్నాడు.

అలాగని ఆ ఏడింటినీ లూథరు పారెయ్యలేదు. 1534లో అచ్చయిన ఆయన జర్మన్ బైబిల్లో అవన్నీ ఉన్నాయి, పాత నిబంధన చివర విడిగా. లేఖనంతో సమానం కావు గానీ చదివితే మేలని రాశాడు. మన చేతికి వచ్చిన తెలుగు బైబిలు నాటికి ఆ విడి భాగం కూడా పోయింది. ట్రెంట్ మహాసభ 1546 ఏప్రిల్ 8న అవి కూడా లేఖనమేనని తేల్చేసింది. అదే రోజు ఇంకోటి కూడా తేల్చింది. అపొస్తలుల నుంచి చేతులు మారి వచ్చిన సంప్రదాయాన్ని లేఖనంతో సమానమైన భక్తితో స్వీకరించాలని.

మా అరుగు మీద అసలు కుస్తీ ఇక్కడే. మామ అడిగేవాడు: బావా, కొత్త నిబంధనలో 27 పుస్తకాలే ఉండాలని బైబిల్లో ఎక్కడుందో చూపించు. ఎక్కడా లేదు. ఆ 27 పేర్లూ వరసగా మొదట కనపడేది 367లో అలెగ్జాండ్రియా పీఠాధిపతి అతనాసియుసు రాసిన పాస్కా ఉత్తరంలో. తరవాత 397లో కార్తేజు సభ పట్టిక ఒప్పుకుంది. అంటే సభ చెప్తేనే కదా నీకు బైబిలు దక్కింది, ఇప్పుడా బైబిలు పట్టుకుని సభనే కొడతావా అనేవాడు. మంచి ప్రశ్న. ఇవాళ్టికీ తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదు. నాన్న చుట్ట ఆర్పి, నెమ్మదిగా చెప్పేవాడు: కంసాలి గీటురాయి మీద గీసి ఇది మేలిమి బంగారం అంటాడు, అన్నంత మాత్రాన ఆ బంగారం కంసాలి పుట్టించాడా? సభ గుర్తుపట్టింది, పుట్టించలేదు. మామ ఊరుకుంటాడా, సరే, మరి గుర్తుపట్టడానికి కంసాలి కావాలా వద్దా అనేవాడు. ఇద్దరూ లేఖనం మాటలే వాడేవాళ్ళు. మామ థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రిక రెండో అధ్యాయం తీసేవాడు, నోటితో చెప్పినదాన్నీ ఉత్తరంతో చెప్పినదాన్నీ పట్టుకోమని పౌలు అన్న చోటు. నాన్న మార్కు ఏడో అధ్యాయం తీసేవాడు, మనుషుల ఆచారాల కోసం దేవుని మాట పక్కన పెట్టినవాళ్ళను ప్రభువు గద్దించిన చోటు.

నా తీర్పు అడిగితే, లేఖనమే ఆఖరి గీటురాయి అన్న నాన్న మాటనే నేను నమ్ముతాను. కానీ సంప్రదాయం లేకుండా మనమూ బతకడం లేదు. క్రిస్మసు డిసెంబరు 25న అని ఏ సువార్తలో ఉంది? పసిబిడ్డకు బాప్తిస్మం ఇవ్వమని విడిగా ఆజ్ఞ ఎక్కడుంది? అందుకేగా ఒంగోలు బాప్టిస్టులు మనల్ని కూడా సగం ఆర్సీఎం అంటారు! వాళ్ళది మళ్ళీ పెద్ద కథ. కరువు కాలంలో వాళ్ళ మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళ కాంట్రాక్టు పట్టి జనానికి కూలి ఇప్పించాడు. కూటి కోసం చేరారన్న మాట పడకూడదని కరువు పోయేదాకా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ముంచి ఇచ్చారు. ఆ బాప్టిస్టు బడిలో నేను కొన్నాళ్ళు చదివాను. పది ఆజ్ఞలు చెప్పమంటే మన చిన్న ప్రశ్నోత్తరిలో ఉన్నట్టు చెప్పాను. పంతులు బెత్తం తీశాడు. ప్రతిమలు చేసుకోవద్దన్నది వాళ్ళకు విడిగా రెండో ఆజ్ఞ. మనకు అది మొదటి ఆజ్ఞలోనే కలిసిపోతుంది, ఆర్సీఎం వాళ్ళకూ అంతే. లూథరు 1529లో ఆ ప్రశ్నోత్తరి రాసేటప్పుడు కాథలిక్కు లెక్కనే ఉంచాడు. మన గుళ్ళో సిలువ మీద ప్రభువు ప్రతిమ ఉంటే తప్పుపట్టం, బాప్టిస్టు గుళ్ళో ఉండదు. జ్యూరిక్‌లో 1524లో జ్వింగ్లీ అనే సంస్కర్త మనుషులు గుళ్ళల్లోని ప్రతిమలన్నీ తీయించేశారు. లూథరుకు ఆ పగలగొట్టడాలు నచ్చలేదు. సరే, దారి తప్పాను, మళ్ళీ నీ బొమ్మల మాట దగ్గరికి వస్తున్నా.

బొమ్మకు మొక్కడం అన్నావే, దాని మీద 787లో నైసియాలో మహాసభ కూర్చుంది. ఆరాధన దేవుడికి మాత్రమే. ప్రతిమకు చూపించేది గౌరవం, అది ప్రతిమ దగ్గర ఆగదు, అందులో ఎవరు ఉన్నారో వాళ్ళకు చెందుతుంది. ఆర్సీఎం బోధ ఇవాళ్టికీ అదే. వాళ్ళ ప్రార్థనలు శ్రద్ధగా వింటే నీకే తెలుస్తుంది. దేవుణ్ణి కరుణించమంటారు. పునీతులనేమో మా కోసం దేవుణ్ణి అడగమంటారు. మన అభ్యంతరం ఎక్కడంటే, దేవునికీ మనకూ మధ్యవర్తి ఒక్కడే అని పౌలు తిమోతికి రాశాడు. పోయినవాళ్ళు మన మొర వింటారని లేఖనంలో హామీ లేదు. 1530లో ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 21వ అంశంలో మనవాళ్ళు రాసింది అదే. పునీతులను తలుచుకో, వాళ్ళ నడత చూసి నేర్చుకో, వాళ్ళను మాత్రం వేడుకోకు. తలుచుకోవద్దని ఎవరూ అనలేదు సుమా. 1521లో లూథరే మరియమ్మ కీర్తన మీద ఒక పుస్తకం రాశాడు, ఎంత ప్రేమగా రాశాడో. అది చదవని లూథరన్లు ఆమె పేరెత్తడానికే భయపడతారు. కానా పెళ్ళి కథ తీసుకో. ఆమె అడిగింది, ఆయన చేశాడు, చూశావా అని మామ. ఆయన చెప్పింది చెయ్యండని ఆమే పనివాళ్ళతో అంది కదా, చూశావా అని నాన్న. ఒకే పెళ్ళి, ఒకే నీళ్ళకుండలు!

ఇక మనుషుల నడత చూడు. గుణదల కొండ మీద 1924లో అర్లాటి అనే ఇటలీ గురువు లూర్దుమాత ప్రతిమ నిలిపారు. ఫ్రాన్సులో లూర్దు అనే ఊళ్ళో 1858లో బెర్నదెత్తు అనే పద్నాలుగేళ్ళ పేదపిల్లకు మరియమ్మ కనపడిందని వాళ్ళ నమ్మకం. ఏటా ఫిబ్రవరి 11కి గుణదల తిరునాళ్ళు. ఒకసారి అమ్మ నన్ను తీసుకుపోయింది. బెజవాడ దాకా రైలు, అక్కణ్ణించి కాలినడక. కొవ్వొత్తులు అణాకి రెండు. కొండ మెట్ల పక్కన మంగళ్ళు వరసగా కూర్చుని తలనీలాలు తీస్తున్నారు. కొబ్బరికాయలు, పూలదండలు, ఊయల కట్టే ఆడవాళ్ళు. హిందువులూ ఆర్సీఎం వాళ్ళూ కలిసిపోయి ఉన్నారు. ఆ మెట్ల మీద ఎవరు ఎదురయ్యారనుకున్నావ్? మన లూథరన్ సంఘపెద్ద భార్య, చంటిబిడ్డను ఎత్తుకుని, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని. అమ్మా ఆమే ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. నువ్వు చెప్పకు, నేను చెప్పను అన్నట్టు తల ఊపుకుని చెరో వైపు పోయారు. ఆ మరుసటి ఆదివారం ఆ సంఘపెద్దే పటాల పూజ మీద గంటసేపు ప్రసంగించాడు, ఆమె ముందు చాప మీద కూర్చుని విన్నది. ఆయనే నవంబరు 2న, సమాధుల పండుగకు, వాళ్ళ నాన్న సమాధికి సున్నం వేయించి, దండ వేసి, నాలుగు కొవ్వొత్తులు వెలిగించేవాడు. ఆ కొవ్వొత్తికీ ఈ కొవ్వొత్తికీ తేడా చెప్పమని మామ అడిగితే నాన్న ఆ రోజు తొందరగా భోజనానికి లేచాడు.

మనవాళ్ళకు పునీతులు లేరా అంటే, గుంటూరు వెళ్ళి చూడు. అన్నా కుగ్లరు అనే అమెరికా డాక్టరమ్మ 1883లో మన మిషనుకు వచ్చింది. 1898లో ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచింది. 1930లో కన్నుమూసేదాకా ఈ పనిలోనే ఉంది. అదే ఊళ్ళో 1920లో మేరీ గ్లౌరీ అనే ఆస్ట్రేలియా డాక్టరమ్మ దిగింది. జే.ఎం.జే. సభలో సన్యాసిని అయి వైద్యం చేసింది. అప్పట్లో సన్యాసిని వైద్యం చెయ్యాలంటే రోము నుంచి ప్రత్యేకంగా అనుమతి కావలసి వచ్చేది. దాదాపు పదేళ్ళు ఆ ఇద్దరూ ఒకే ఊళ్ళో పురుళ్ళు పోశారు. గ్లౌరీ 1957లో బెంగుళూరులో పోయింది. 2013లో ఆమెను దైవసేవకురాలు అన్నారు. పునీతురాలు అనేదాకా ఆ దారి పెద్దది. జీవితమంతా జల్లెడ పడతారు, ఆమె వేడుకోలు వల్ల జరిగిందన్న అద్భుతాన్ని డాక్టర్లతో పరీక్ష చేయిస్తారు. ఎదురు వాదించడానికే 1983 దాకా ఒక అధికారి ఉండేవాడు. ఊరికే పటం కట్టి కొవ్వొత్తి పెట్టరు. కుగ్లరమ్మకు మనం ఏం చేశాం? ఆసుపత్రికి పేరు పెట్టాం. గుళ్ళో ఆమె రోజని ఒకటి లేదు, పిల్లలకు ఆమె కథ చెప్పేవాళ్ళు లేరు. వేడుకోవద్దన్న 21వ అంశం పట్టుకున్నాం, తలుచుకోమన్న 21వ అంశం వదిలేశాం. ఈ విషయంలో ఆర్సీఎం వాళ్ళు మనకంటే మేలు, నేను ఒప్పుకుంటాను.

తరవాతి సంగతులు త్వరగా చెప్తా, నీ కళ్ళు మూతలు పడుతున్నాయి. 1962 నుంచి 1965 దాకా జరిగిన రెండో వాటికన్ మహాసభ తరవాత పూజ తెలుగులోకి వచ్చింది, గురువుగారు జనం వైపు తిరిగారు. లేఖనాలు అందరి చేతికీ అందాలని ఆ సభే చెప్పింది. 1970లో పెళ్ళి నియమం సడలింది. పిల్లల సంగతిలో మాట ఇవ్వాల్సింది కాథలిక్కు పక్షమే, రెండో పక్షానికి ఆ సంగతి తెలియజేస్తే చాలు. ఆ ఏడే ఆర్సీఎం గురువుగారు మా ఇంటికొచ్చి, నాన్నతో మాట్లాడి, అమ్మ పెళ్ళిని సరిచేశారు. ముప్ఫై ఏళ్ళు దాటాక అమ్మ మళ్ళీ సత్ప్రసాదం తీసుకుంది. ఆ పూజకు నాన్న కూడా వెళ్ళాడు. ఇక 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, వాటికన్ కలిసి ఒక ప్రకటన మీద సంతకం చేశాయి. దేవుని కృప వల్లే, విశ్వాసంతో మనిషి నీతిమంతుడవుతాడన్న మూల విషయంలో ఇద్దరిదీ ఒకటే మాట అని. మన ఆంధ్రా లూథరన్ సంఘం ఆ సమాఖ్యలో ఉన్నదే. మరియమ్మ సంగతీ, పోపుగారి అధికారం సంగతీ, ఆ ఏడు పుస్తకాల సంగతీ ఇంకా తేలలేదు.

తేలేదాకా నువ్వేం చెయ్యాలో చెప్తా. రేపు మీ ఆర్సీఎం పెద్దమ్మ ఇంటికి వెళ్ళు. 73 పుస్తకాల తెలుగు బైబిలు వాళ్ళింట్లో ఉంది, అడిగి తెచ్చుకో. తోబీతు గ్రంథం తీసి చదువు. గుడ్డివాడైన తండ్రి, దూరదేశం పోయే కొడుకు, దారిలో తోడొచ్చే దేవదూత, వెంట నడిచే కుక్క, మధ్యలో పెళ్ళి, అన్నీ ఉన్నాయి అందులో. లేఖనం అనుకుని చదువుతావో, లూథరు చెప్పినట్టు మేలైన పుస్తకం అనుకుని చదువుతావో నీ ఇష్టం. పద్నాలుగు అధ్యాయాలే.